మంగళవారం అని చూపిన ఫోన్

జూన్ 10, మంగళవారం

ఎల్లారెడ్డి బ్రాంచి నుంచి రజిత ఫోన్. "అక్కా, జుక్కల్ నుంచి లచ్చవ్వ అని ఒక అవ్వ వచ్చింది. మొన్న ఆపరేషనయిన కన్నే ఎర్రగయింది. సారు వస్తడా ఇయ్యాల?"

రారు. ఈ నెల నుంచి డాక్టరుగారు అక్కడికి వెళ్లేది మంగళవారం కాదు, గురువారం. మా కంటి ఆసుపత్రి వెబ్‌సైట్లో పోయిన వారమే నా చేత్తో మార్చాను.

"మంగళవారమనే ఉన్నదక్కా. ఆమె బిడ్డ ఫోన్ల చూపిస్తుంది."

ఇక్కడ కామారెడ్డిలో నా కంప్యూటర్లో గురువారం అని శుభ్రంగా ఉంది. వాళ్లను ఇక్కడికి పంపమన్నాను. అప్పటికే తిరుగు బస్సెక్కారట.

జూన్ 11

ఆ పేజీ మార్చగలిగేది ఇద్దరమే. నేను, రజిత.

గురువారం రజితకు సెలవు ఉండేది. దోమకొండలో తల్లిగారింటికి పోయి వచ్చేది. డాక్టరు రోజు మారాక ఆ సెలవు పోయింది. చెప్పిన రోజు ముఖం మాడ్చుకుంది... మంగళవారం అని పెట్టి, నేను చూసేలోపు మళ్లీ సరిచేసిందా?

జూన్ 12, గురువారం

లచ్చవ్వ మళ్లీ ఎల్లారెడ్డి వచ్చింది. కంట్లో చీము. డాక్టరుగారు తన కారులోనే కామారెడ్డికి తెచ్చి చేర్చుకున్నారు. నన్ను పిలిచారు.

"మంగళవారమే చూస్తే ఇంతదాకా రాకపోవు. పేజీ ఎవరు చూస్తున్నరు?"

"పాస్‌వర్డ్ రజిత దగ్గర కూడా ఉంది సార్."

అంతే అన్నాను. అంతకంటే అనాల్సిన పని లేకపోయింది.

జూన్ 13

పాస్‌వర్డ్ మార్చేశాను. రజితకు చెప్పలేదు.

జూన్ 14

వార్డులో లచ్చవ్వ కూతురు సునీత నా ముందే ఫోన్ తెరిచింది. "చూడక్కా, ఇప్పటికీ మంగళవారమే."

నిజమే. పాస్‌వర్డ్ మార్చాక కూడా! ఫోన్ తీసుకుని పేజీని కిందికి లాగి వదిలాను. గుండ్రటి గుర్తు తిరిగి తిరిగి... గురువారం అని వచ్చింది.

"ఏం జేసినవ్?"

"ఏం లేదు."

అంటే ఆ ఫోన్ ఎప్పుడో తెచ్చుకున్న పాత పేజీని దాచుకుని, దాన్నే చూపిస్తోంది. దాచుకోమని దానికి ఎవరు చెప్పారు?

జూన్ 15, ఆదివారం

ఇంట్లో కూర్చుని సైటు సెట్టింగులు తీశాను. ఒక వరుసలో ఉంది: తెచ్చుకున్న పేజీని నెల రోజులు దాచుకో, మళ్లీ మమ్మల్ని అడగనక్కర్లేదు.

రాసింది నేనే. నిరుడు ఎండాకాలంలో, ఊళ్లలో సిగ్నల్ లేక పేజీ తెరుచుకోవడం లేదని అందరూ అంటుంటే, త్వరగా తెరుచుకోవాలని పెట్టాను. మరిచిపోయాను.

రజిత కాదు.

జూన్ 16

సెట్టింగు మార్చాను. ఇక ఏ ఫోనైనా పేజీ చూపించే ముందు, కొత్తది ఉందా అని మా సర్వర్‌ను అడగాలి. మూడు ఫోన్లలో చూశాను. పనిచేస్తోంది.

కానీ ఇదివరకే పాత పేజీని నెల రోజులకని దాచుకున్న ఫోన్లు? గడువు తీరేదాకా అవి మమ్మల్ని అడగనే అడగవు. ఈ కొత్త మాట వాటికి చేరనే చేరదు. పేషెంట్ల రిజిస్టరు పట్టుకుని అందరికీ ఫోన్లు చేస్తున్నాను.

సదాశివనగర్ ఆయన ఒకరు: "ఫోన్లనేమో మంగళవారం, నువ్వేమో గురువారం. ఏది నమ్మాలమ్మా?"

జూన్ 17, మంగళవారం

ఎల్లారెడ్డి వెళ్లాను. పాత పేజీ చూసుకుని ఇద్దరు వచ్చారు. ఆటో మాట్లాడి కామారెడ్డికి పంపాను.

రజిత టీ ఇచ్చింది. కూర్చోలేదు.

"పాస్‌వర్డ్ మార్చినవ్ గదా?"

టీ గ్లాసు కింద పెట్టాను.

"సారు నన్నడిగిండు. నేను ముట్టలేదన్న. నమ్మలే. నువ్వేం చెప్పినవక్కా ఆయనకు?"

"ఫోన్లలో ఏదో సమస్య రజితా, సరిచేశాను," అన్నాను. ఎవరు చేసిన సమస్యో చెప్పలేదు. ఆమె నన్ను చూసిన చూపు... మొన్నటిదాకా నేను ఆమెను అనుమానించినట్టే ఉంది.

జూన్ 18

రజిత సెలవు చీటీ పంపింది. ఎన్ని రోజులో రాయలేదు. లచ్చవ్వకు చూపు ఎంత మిగిలిందో ఇంకా తెలియదు, రేపు మళ్లీ పరీక్ష.

డాక్టరుగారి గది దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి ఆయనే పిలిచారు.

"ఎల్లారెడ్డికి వేరే అమ్మాయిని చూస్తున్న. నువ్వేమంటవ్?"

"సార్, ఒక మాట చెప్పాలి—"

ఆయన ఫోన్ మోగింది. కూర్చోమని చేత్తో చూపించారు. కూర్చున్నాను.