దేవుని అర్రలో రెండంగుళాల పలక

బోధన్

అన్నా, లింబాద్రి నరసింహస్వామి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం.

ఫోన్‌లో మాట్లాడితే గోడ అవతల మా చిన్న యారాలు, మా మరిది పెళ్లాం ధనలక్ష్మి వింటుందని కార్డు రాస్తున్నాను. దేవుని అర్రలో పటాలు పెట్టుకోవడానికి రెండంగుళాల మందంలో సిమెంటు పలక పోయిస్తున్నాను. ఆమె తన అర్రలో నాలుగంగుళాల పలక పోయించి, అందులో వేసిన లావు ఇనుప సలాకలను వాడంతా పిలిచి చూపించింది. నాకూ అవే వేయమన్నాను. రవీందర్ మేస్త్రి నవ్వాడు.

"అక్కా, గింత పల్సటి పలకల గంత లావు సలాక వెడితె దాని మీద సిమెంటు ఏడ నిలుస్తది? సిలుము వట్టి పలుగుతది. సన్న తీగ జాలీ ఎయ్యాలె."

గోడ అవతలి నుంచి ధనలక్ష్మి అందుకుంది. "ఏయించుకో అక్కా, మిగిలితె కోళ్ల గూటికి పనికొస్తది!"

ఆ సాయంత్రం దీపం పెట్టి నా పలక నిలవాలని మొక్కబోయి, ఆమెది పగలాలని మొక్కాను. రెండు రోజులుగా స్వామి ముఖం చూడలేకపోతున్నాను.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పసుపు ఉడకబెట్టారా? పూజకు నాలుగు కొమ్ములు పంపించు.

పలక వచ్చే శుక్రవారం పోస్తారు. ముప్పై ఏళ్లు సెంట్రింగు పని చేసినవాడివి, జాలీ సరిపోతుందో లేదో వెంటనే రాయి. నువ్వు ఏది రాస్తే అదే వేయిస్తాను. ఆమె పలక నాదానికంటే గట్టిదని మాత్రం రాయకు.

వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు
గంగామణి