గేటు పాట ఆగిన చోట

మంగళవారం, ఉదయం
కళ్ళద్దాల షాపు వెనక గది

బావగారికి,

మాట మానేసిన బావమరిది చేసే నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరు బాగున్నారని అక్క ఫోన్లో చెబుతూనే ఉంది కాబట్టి ఆ సంగతి వేరే అడగను. ఈ 'గారు' చూసి నవ్వుకోకండి. పోయిన వానాకాలం నుంచీ మొహాలు చూసుకోని మనుషులం కదా, కాస్త మర్యాదగా మొదలుపెడదామనిపించింది. రెండో పేరాకి రాకముందే అది నా వల్ల కాదని తెలిసిపోయింది.

బావా, ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో అయితే నేను అరుస్తాను. నువ్వు ఆసుపత్రిలో ముసలివాళ్ళతో మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో సరే సరే అంటావు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రావు.

విషయం ఏమిటంటే, మొన్న ఆదివారం గేటాయన మా ఊరొచ్చాడు. గేటు పాట వాయించే మన గిటారు దేవుడు. ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు ఇక్కడ మనిషి లేడు. అభిమాన సంఘంలో యాభై మంది ఉన్నారనుకో, వాళ్ళతో మాట్లాడితే నాతో నేను మాట్లాడుకున్నట్టే ఉంటుంది. దేనికీ కాదనరు. కాదనడానికి నువ్వే కావాలి.

నీకు తెలియదని కాదు గానీ, కోపంలో అన్నీ మరిచిపోయి ఉంటావు, అందుకని మొదటినుంచీ చెబుతాను. అక్క పెళ్ళిలో మా ఇంటికి దక్కింది నువ్వూ, నీ సంచీలో ఉన్న ఆయన పాటల క్యాసెట్టొక్కటీ. అప్పటిదాకా నాకు బ్లూస్ అనే ఆ అమెరికా సంగీతం అంటే ఏమిటో తెలియదు. ఎవరో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నట్టు ఉందన్నాను నేను. నువ్వు నా వీపు చరిచి, అదేరా, అంతకన్నా ఎవరూ బాగా చెప్పలేరు అన్నావు. ఆ ఒక్క మెప్పుకి ఇన్నేళ్ళుగా ఆయన కచేరీల చుట్టూ తిరిగాను.

ఆ గేటు పాట మీద మనం కొట్టుకున్నంత ఆస్తి కోసం అన్నదమ్ములు కూడా కొట్టుకోరు. ఆయన చిన్నప్పుడు రైల్వే గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన దగ్గర గిటారు నేర్చుకున్నాడు. ఆ ముసలాయన పాట మధ్యలో ఉండగా రైలు వస్తే గిటారు పక్కన పెట్టి, వెళ్ళి గేటు వేసి, రైలు పోయాక గేటు ఎత్తి, వచ్చి మళ్ళీ ఆపిన తీగ మీదే వేలు పెట్టేవాడట. అందుకే గేటు పాట నడిమధ్యన ఆయన చేతులు ఆపేస్తాడు. ఒక రైలు వెళ్ళేంతసేపు మౌనం. తర్వాత పాటని మళ్ళీ మొదటికి తిప్పి తెచ్చే ఆ తిరుగు వరుస, కింది తీగ మీంచి మెల్లగా సాగదీస్తూ పైకి వచ్చేది. ఇది నా వాదన. ఆ మౌనం గేటు ముసలాయన ఇచ్చిందని. నువ్వేమో, కాదు, ఆ పాట నడకంతా వాళ్ళమ్మ కుట్టుమిషనుది, ఆవిడ కాలితో తొక్కుతుంటే మిషను కింద కూర్చుని పెరిగిన పిల్లాడు కాబట్టి ఆ లయ వచ్చింది, దారం తెగినప్పుడల్లా మిషను ఆగేది, మౌనం అక్కడిది అనేవాడివి. తీర్పు చెప్పమని అక్క దగ్గరికి వెళితే ఇద్దరినీ గిన్నెలు తోమమనేది.

హాల్లో మన పద్ధతి కూడా నీకు గుర్తుండే ఉంటుంది. మౌనం రాగానే అందరం ఊపిరి బిగబట్టాలి. దగ్గకూడదు, కుర్చీ కదపకూడదు. కొత్తవాళ్ళెవరైనా పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొడితే మన చూపులకే మాడిపోయేవాళ్ళు. ఏటేటా ఆ మౌనం పెరుగుతూ వచ్చింది. ఆయన పండుతున్నాడని మనం మురిసిపోయాం. మనం అంటే నేను. నువ్వు పోయినసారి కచేరీ నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ఆయన ఆపడం లేదురా, మరిచిపోతున్నాడు అన్నావు.

నేను ఒంటికాలి మీద లేచాను. రోజూ మతిమరుపు ముసలివాళ్ళకి స్నానాలు చేయించీ మందులు మింగించీ నీకు లోకమంతా వార్డులాగే కనబడుతోందని అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను, అక్కకి కంఠతా వచ్చు. నువ్వేమో, డ్రమ్ములు వాయించే ఆయన్ని చూడరా, వాళ్ళిద్దరూ చిన్నప్పటి స్నేహితులు, ఆయన మొహంలో భయం ఉంది అని మాత్రం అన్నావు. తర్వాత మీకు ఆ ఊరు బదిలీ అయింది. మనకి మాటల్లేకుండా పోయాయి.

ఇక మొన్నటి సంగతి.

కచేరీ పాత గోడౌనులో పెట్టారు. రేకుల కప్పు, మడత కుర్చీలు, రెండు మూడు చోట్ల కారుతుంటే కింద బకెట్లు. మధ్యాహ్నం మూడింటికే మొదలు. సాయంత్రాలు ఎందుకు మానేశారని అడిగితే, పగటి వెలుతురులో వాయించడం ఆయన కొత్త ప్రయోగం అని మా సంఘం ప్రెసిడెంటు చెప్పాడు. మీ వార్డులో వాళ్ళకి పొద్దు వాలేకొద్దీ గాభరా ఎక్కువవుతుందని ఎప్పుడో నువ్వన్న మాట గుర్తొచ్చింది. వెంటనే దాన్ని అవతలికి తోసేశాను. తోసేయడంలో నాకు మంచి అనుభవం ఉంది కదా.

ఆయన బాగా చిక్కిపోయాడు బావా. కోటు భుజాల మీంచి జారుతోంది. కానీ మొదటి పాట ఎత్తుకున్నాడు చూడూ, నువ్వు పక్కన ఉంటే మోచేత్తో నీ డొక్కలో పొడిచేవాణ్ణి. ఆ పాత యాంప్లిఫయరు గురగురలోంచి ఒక్కో స్వరమూ పైకి లేస్తుంటే ఒళ్ళు జలదరించింది. వేళ్ళకి వయసు రాలేదు. గేటు ముసలాయన, కుట్టుమిషను, అన్నీ మరిచిపోయి నోరు తెరుచుకుని విన్నాను. అది అయ్యాక ఆయన తాగడానికి నీళ్ళు తీసుకున్నాడు, గిటారు సర్దుకున్నాడు, మళ్ళీ అదే పాట వాయించాడు. మొదటినుంచి చివరిదాకా, అదే.

హాల్లో ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు. ప్రెసిడెంటు నా చెవిలో, పాతకాలం బ్లూస్ వాళ్ళు మొదటి పాట ఒకసారి తమకోసం, ఒకసారి జనంకోసం వాయించేవాళ్ళు, ఆయన మూలాల్లోకి వెళుతున్నాడు అన్నాడు. నేను తలూపాను. అంత గొప్ప కారణం మాకు అంత తొందరగా ఎలా దొరుకుతుందో నాకే ఆశ్చర్యం. డ్రమ్మరు మాత్రం తల వంచుకుని, ఏమీ జరగనట్టు, రెండోసారి కూడా అంతే శ్రద్ధగా వాయించాడు.

తర్వాత గేటు పాట. సగానికి వచ్చింది, చేతులు ఆగాయి. అందరం ఊపిరి బిగబట్టాం. రేకుల మీద వాన, బకెట్లలో చుక్కలు. ఒక రైలు పోయేంతసేపు అయింది. ఇంకో రైలు కూడా పోయేంతసేపు అయింది. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది, ఇంత గొప్ప మౌనం జన్మలో వినలేదని కాబోలు. డ్రమ్మరు మునివేళ్ళతో డ్రమ్ము అంచు మీద మెల్లగా లెక్క వేస్తున్నాడు. పెదాలు కదుపుతున్నాడు. గేటాయన అటు చూడటం లేదు.

అప్పుడు నాలుగో వరుసలో ఒక మనిషి లేచి నిలబడి, తిరుగు వరుస నోటితో అందుకున్నాడు. అది గొంతు కాదు బావా, తుప్పు పట్టిన తలుపు. శ్రుతి లేదు, సిగ్గు లేదు. అంత నిశ్శబ్దంలో హాలంతా వినబడేలా ఒక్కడే. జనం నిర్ఘాంతపోయారు. తర్వాత ఈలలు, కేకలు. కూర్చోమని అరిచారు. ఆ మనిషి కూర్చోలేదు, రెండోసారి పాడాడు. ప్రెసిడెంటు లేచి చొక్కా పట్టుకున్నాడు. నలుగురు కలిసి రెక్కలు పట్టి తలుపు దాకా లాక్కుపోయారు. లాక్కుపోతుంటే మూడోసారి కూడా పాడాడు. అలాంటి మూర్ఖుణ్ణి సంఘంలోంచి తీసేస్తున్నామని, ఇక ఏ ఊళ్ళోనూ కచేరీకి రానివ్వబోమని అక్కడికక్కడే చెప్పేశారు. పవిత్రమైన చోట ఉమ్మేసినట్టు చూశారు అతన్ని.

మిగతా కచేరీ బాగా జరిగిందన్నారు.

నీ మాటే నెగ్గిందని రాయడానికి కూర్చున్నానని అనుకోకు. ఆ వాక్యం కోసం పొద్దున్నించీ పెన్ను పట్టుకుని కూర్చున్నాను, రావడం లేదు. షాపు తెరిచే వేళయింది. అక్క కళ్ళజోడు కొత్త అద్దాలు అరగదీసి ఉంచాను, పార్సిల్లో పంపుతాను. కంటికి దగ్గరగా పెట్టుకుని చదవొద్దని చెప్పు. పిల్లకి నా ముద్దులు.

ఉంటాను.

ఇంకా నీ బావమరిదినే అనుకుంటున్న,
నేను

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. ఆ నాలుగో వరుస మూర్ఖుణ్ణి నేనే.

నా గొంతు సంగతి నీకు తెలుసు. నేను స్నానాల గదిలో పాడితే మీ ఇంటి కుళాయి సిగ్గుపడి ఆగిపోతుందని నువ్వే కదా అనేవాడివి. అయినా కూర్చోలేకపోయాను. నేను రోజంతా జనం కళ్ళలోకి చూసి బతికేవాణ్ణి. బోర్డు మీద కింది వరుస చదవమంటే, కనబడనివాళ్ళు కనబడటం లేదని వెంటనే చెప్పరు. కళ్ళు చిట్లించి, ఎవరైనా అందిస్తారేమోనని నా మొహంలోకి చూస్తారు. గేటాయన మమ్మల్ని సరిగ్గా అలాగే చూశాడు బావా. వరస వెంట వరస, ఒక్కొక్కరి మొహంలోకీ. ఎవరైనా చెబుతారేమోనని. మేమందరం పరవశించిపోయి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.   ఎన్ని ఊళ్ళలో, ఎన్నిసార్లు ఆయన్ని ఇలా ఒంటరిగా నిలబెట్టి చప్పట్లు కొట్టామో అనిపించింది.

నేను మూడోసారి పాడేసరికి ఆయన వేళ్ళు తీగని అందుకున్నాయి. నన్ను అప్పటికి గుమ్మం దాటించేశారు. మిగతాదంతా వానలో, గోడౌను రేకుకి చెవి ఆనించి విన్నాను. అంత బాగా ఆయన ఎప్పుడూ వాయించలేదు. అది నీకు చెప్పకపోతే నా కడుపు పగిలిపోతుంది.

అంతా అయ్యాక డ్రమ్మరు వెనక తలుపులోంచి వచ్చాడు. థాంక్స్ చెబుతాడనుకున్నాను. మీకు మిగతా పాటలన్నీ కూడా వచ్చా అని అడిగాడు.  ఇక కచేరీలు చాలిద్దామని గేటాయన కూడా ఒప్పుకున్నాడట. కానీ ఆ మాట మరిచిపోతాడు, మర్నాడు పొద్దున్నే గిటారు తుడుచుకుని ఈరోజు ఏ ఊరు అని అడుగుతాడట. ఇక మిగిలింది ఒక్క కచేరీయే అని డ్రమ్మరు రోజూ మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి, ఆయన రోజూ మళ్ళీ కొత్తగా ఏడవాలి. ఆ ఆఖరి కచేరీ వచ్చే నెల మొదటి ఆదివారం. మీ ఊళ్ళో.

నన్ను గుమ్మం తొక్కనివ్వరు. పైగా నాకు వచ్చింది ఆ ఒక్క వరుసే, అదీ ఆ గొంతుతో. మా బావకి అన్ని పాటలూ వచ్చు, మొదటి క్యాసెట్టు నుంచీ వచ్చు, మతి చెదిరినవాళ్ళతో ఎలా మాట్లాడాలో కూడా వచ్చు అని డ్రమ్మరుతో చెప్పేశాను. ఆయన మరిచిపోయిన చోట నువ్వు అందిస్తావని, నిన్ను అడగకుండానే మాట ఇచ్చాను. తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఈసారి నేను అరవను.

ముందు వరుసలో కూర్చో, ఆయనకి నీ మొహం కనబడేలా. మౌనం రాగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబడతారు. నువ్వు బిగబట్టకు.