మేత పెట్టకూడని మూడు ఆవులు

కారిమంగళం, ధర్మపురి జిల్లా
జూలై 2008

డిప్లొమా కోర్సు సమన్వయాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె మేనక పరిశోధన వ్యాసంలోని పాల లెక్కలు కల్పితమన్న అభియోగము రద్దుపరచుట గురించి.

పశువులు పెట్టుకొని బ్రతుకు లక్ష్మణ అను నేను వ్రాసుకొను అర్జీ. తమరు నెల్లూరు వారని మేనక చెప్పినందున తెలుగులో వ్రాయుచున్నాను. కుప్పంలో మేనమామ ఇంట నేర్చిన రాత, తప్పులుంటే మన్నించవలెను.

1. మేనక తమ బడిలో ఉచిత సీటుపై డిప్లొమా చదువుచున్నది. అందులో ప్రతి విద్యార్థి సొంతంగా ఒక పరిశోధన చేసి వ్యాసం వ్రాయవలెనట. అజొల్లా అను నీటి నాచు మేపితే పాలు పెరుగునా అన్నది దీని ప్రశ్న. వేసవి సెలవుల్లో పెరట్లో గుంత తీసి, పట్టా పరచి, నాచు పెంచినది. మా ఆరు ఆవులలో మూడింటికి పెట్టవలెను, పోల్చి చూచుటకు మూడింటికి పెట్టరాదు.

2. ఆరింటికీ పాలు పెరిగినవి. నాచు తిననివాటికి ఎట్లు పెరుగునని వ్యాసం దిద్దు మాస్టారు అడిగి, లెక్కలన్నీ కూర్చొని కల్పించినవని తీర్మానించినారు. వ్యాసం సున్నా అయితే డిప్లొమా రాదని తమ తాఖీదు. అది అందినది మొదలు పిల్ల సరిగా అన్నం తినలేదు. నా కూతురు అబద్ధమాడదు అయ్యా. చిన్నప్పుడు పాల సొసైటీలో, నా ఎదుటనే, "మా నాయన రోంత నీళ్ళు కలిపినాడు" అని చెప్పిన పిల్ల.

3. ఇంట విచారణ జరుపగా మా అమ్మ మారమ్మ ఇచ్చిన వాంగ్మూలం, ఉన్నది ఉన్నట్లు:

"నేనే పెట్టినాను. పాప స్నానానికి పోయినప్పుడంతా పెట్టినాను. మూడు తింటా ఉంటే మూడు సూస్తా నిలబడాల్నా? పావం గదరా! తినేదానికి దిష్టి తగిలితే ఉండే పాలూ పోతాయి. సగానికి పెట్టి సగాన్ని ఎండగట్టేది, అదేం సదువు?"

మేనకకు ఇది తెలియదు. తెలిసి, "నా పరిశోధన పాడుచేసినావు గదవ్వా" అని ఏడ్చినది. అమ్మ కూడా ఏడ్చినది గాని తప్పని ఒప్పుకొనలేదు.

4. ఇందుకు ధ్రువపత్రం తెమ్మని మాస్టారు చెప్పగా గ్రామాధికారిని అడిగితిని. "కులానికి, ఆదాయానికి ఇస్తాము. అవ్వ ఆవుకు నాచు పెట్టినదానికి మా దగ్గర ఫారం లేదు" అన్నారు. పశువైద్యుడు ఆవులు ఆరోగ్యంగా ఉన్నవని మాత్రం వ్రాసి ఇచ్చినారు. జతపరచడమైనది.

5. కావున పరిశోధన మళ్ళీ చేయుటకు ఒక్క నెల గడువు ఇప్పించవలెను. అమ్మను మొరప్పూరులో నా చెల్లెలి ఇంటికి పంపుదును. కొట్టం వద్ద కావలి నేనే ఉందును. ఒక్క పరక కూడా అటుది ఇటు పోదని హామీ.

పేదవాని మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లక్ష్మణ

తా.క. అర్జీ పోస్టు చేసేలోపల, అలవాటు కావాలని నిన్ననే కావలి మొదలుపెట్టినాను. నల్లావు మెడ చాపి పక్క తొట్టిని చూసింది, తరువాత నన్ను చూసింది. దానికి పరిశోధన అని ఎట్లా చెప్పేది సార్? రెండు దోసిళ్ళు నాచు వేసేసినాను. కనుక ఐదో అంశం కొట్టివేయండి. గడువు వద్దు. మా ఇంట్లో ఎన్ని నెలలు చేసినా ఆరింటికీ పాలు పెరుగుతాయి. మేనక గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికి పోయి, "నాయన, నల్లావుకు, రెండు దోసిళ్ళు" అని రాసుకొన్నది. అట్లాంటి పిల్ల లెక్కలు కల్పించి రాసిందని ఎట్లా అంటారు సార్?