నమల్వా టీచర్ బదిలీ ఆపమని గింజలమ్మే నెలిమా మనవి

ఉపజిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
నాలోంబే సంతలో గింజల వ్యాపారి రెస్పా నెలిమా వ్రాసుకొన్నది.

అయ్యా,

విషయం: నేను పెట్టిన అర్జీ మీద నేనే పెట్టుకుంటున్న అర్జీ.

1. గత నెలలో గింజల వ్యాపారులమందరం కలిసి ఐదో తరగతి నమల్వా టీచర్‌ను బదిలీ చేయమని తమరికి అర్జీ పెట్టుకొని యుంటిమి. అందులో మొదటి సంతకం నాదే. తమరు వెంటనే బదిలీ చేసినారు. మా ఊరి బోరింగు కోసం నాలుగేళ్లుగా పెడుతున్న అర్జీలకు లేని వేగం దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

2. సదరు టీచర్ చేసిన నేరమేమనగా, బుధవారం సంత నిండుగా ఉన్న వేళ నలభై ఇద్దరు పిల్లలను తోలుకొచ్చి, "పుస్తకంలో కొలతల బొమ్మలు చూశాం కదా, ఇక్కడ మీరే కొలిచి చూడండి. నేను ఏమీ చెప్పను" అని చేతులు కట్టుకొని నిలబడుట. జీతం తీసుకొని ఏమీ చెప్పకపోవడమేమిటని మేమందరం నవ్వుకున్నాం. కాసేపే నవ్వుకున్నాం.

3. మేము గింజలు కొలిచే రేకు డబ్బాను గోరోగోరో అంటామని తమరికి తెలియనిది కాదు. అడుగు సుత్తితో లోపలికి కొట్టని గోరోగోరో మా సంతలో ఉందంటే, దాని యజమాని వ్యాపారానికి కొత్త అని అర్థం. నా కూతురు నసాంబు, "మా అమ్మ డబ్బాకి తేడా ఉండదు టీచర్" అంటూ ఏరికోరి నా దుకాణానికే వచ్చింది. కప్పుతో కొలిచింది. రెండోసారి కొలిచింది. తర్వాత సంతంతా వినపడేలా, "టీచర్! పన్నెండు కప్పులు పట్టాలి, పదకొండే పట్టాయి!" అని అరిచింది.

పక్కనే ఉన్న ముసలమ్మ ఊరుకుంటుందా? "ఏమే నెలిమా, ఇన్నేళ్లూ నా కప్పు గింజలు ఎవరు మింగారే?"

"నీ కోడలు మింగుంటుంది, ఇంటికెళ్లి అడుగు!" అన్నాను. నోరు పెద్దది చేశాను గానీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

4. ఇంట్లో కూడా శాంతి లేదు. నసాంబు అందరి కప్పుల్లో పాలూ కొలిచి, "నాన్న టీలో పాలు రెండింతలు ఎందుకు?" అని అడిగింది. మా ఆయన లేచి వాళ్ల అన్న ఇంటికి టీకి పోయాడు. ఉడుకుమోత్తనంతో డబ్బా అడుగు నేనే బయటికి కొట్టాను. దెబ్బ ఎక్కువై, ఇప్పుడు పదమూడు కప్పులు పడుతోంది. కొనేవాళ్లు బారులు తీరుతున్నారు.

5. అయ్యా, ఇక అసలు సంగతి. ఈ పిల్ల మూడేళ్లపాటు బడిలో నోరు విప్పి ఎరగదు. ప్రోగ్రెసు కార్డులో "మౌనంగా ఉంటుంది, మంచి పిల్ల" అని రాసేవారు. నేను దాన్ని అందరికీ చూపించి మురిసిపోయేదాన్ని. నమల్వా టీచర్ వచ్చాకే దానికి గొంతు ఉందని నాకూ తెలిసింది.

6. ఆ మొదటి అర్జీలోని అక్షరాలు నావి కావు. నేను చదివింది మూడో తరగతి. నేను చెబుతుంటే నసాంబే రాసింది. మధ్యలో ఒకసారి తలెత్తి, "అమ్మా, 'క్రమశిక్షణ లేదు' అని రాయాలా? టీచర్‌కి నిజంగా లేదా?" అంది. "చెప్పింది రాయవే" అన్నాను.

తమ ఉత్తరువుతో పాటు ఆ అర్జీ నకలును బడి నోటీసు బోర్డుకు అంటించినారు. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఐదో తరగతికంతా తెలుసు. "టీచర్‌ని నువ్వే పంపించేశావు" అన్నారట. తొమ్మిది రోజులైంది, పిల్ల బడికి పోలేదు. పలకరిస్తే పలకదు. పాలు ఎవరికి ఎంత పోసినా అడగదు. మా ఆయన తన కప్పు తెచ్చి దాని ముందు పెట్టి, "కొలిచి చూడు తల్లీ" అన్నాడు. కన్నెత్తి చూడలేదు.

7. కావున, సోమవారం టీచర్ సామాను బస్సెక్కేలోగా బదిలీ రద్దు చేయవలెను. మిగతా వ్యాపారులు ఒప్పుకోలేదు, ఇది నా ఒక్కదాని మనవి. పెన్ను ఇస్తే పిల్ల ముట్టలేదు గనుక ఇది నేనే రాసినాను. రెండు రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించి, తప్పు నాదేనన్న సంగతి మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెస్పా నెలిమా

తా.క.: బదిలీ ఆపడం తమ చేతిలో లేకపోతే ఒక్క వాక్యం రాసి ముద్ర కొట్టి పంపండి చాలు: "నసాంబూ, ఆ చేతిరాత నీది, మాట మీ అమ్మది." నేను రోజూ చెబుతున్నాను, నమ్మడం లేదు. కవరు మీద నా పేరు వద్దు, దాని పేరే రాయండి. దానికి ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాయలేదు.