ఏరువాక నాటి దెబ్బ

ఏరువాక పున్నమి, 1953. రాత్రి.

ఏడాదంతా కొట్టిన దెబ్బలకు ఎద్దు కాళ్లు కడిగి, క్షమించమని వేడుకునే రోజే ఏరువాక అనేవాడు నాయన. ఈ రోజు దాని మీద చెయ్యెత్తితే చేసిన పూజంతా బూడిదే అనేవాడు.

ఈ కరువులో మేత పుట్టక మా బూడిదరంగు మైల ఎద్దును పక్క వీధి హనుమంతప్పకు అమ్మేశాను. సాయంత్రం ఊరేగింపులో అది కొమ్ములకు రంగులతో, వీపున పసుపుతో వచ్చి, మా వాకిలి దగ్గర గుంపు విడిచి నేరుగా కొట్టంలోకి నడిచింది. తన పాత గాడి ముందు నిలబడి, గడ్డిపోచ కూడా లేని ఆ గాడిని నాకసాగింది.

హనుమంతప్ప పగ్గం పట్టి లాగినా కదల్లేదు.

"నీ మాటయితే వింటాది, నువ్వే తోలప్పా. పొద్దు పోతాండాది" అన్నాడు.

"రోంతసేపు ఉండనీబ్బా. ఇంకా మన ఇల్లే అనుకుంటాండాది" అంది మా ఇంటామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అదిలించాను. కదల్లేదు. చివరికి చర్నాకోలతో ఒక్కటి వేశాను. అది నా వైపు చూసి, తల దించుకుని బయటికి నడిచింది.

చర్నాకోలకు పసుపు అంటుకుని ఉంది. ఈ దెబ్బకు క్షమించమని కాళ్లు కడుగుదామంటే, ఆ ఎద్దు ఇప్పుడు నాది కాదు.