కిటికీకి కట్టే తాడు

గంగాధరా,

బత్తలపల్లి నుంచి రాగానే సంగటి తిను. కోళ్లకు గింజలు చల్లి ఆసుపత్రికి రా. నీ పెండ్లాం రుక్మిణికి పొద్దున నొప్పులు మొదలయ్యాయి. జట్కా వాకిట్లోనే ఉంది, పోతున్నాం. అంతా బాగుందని ఆసుపత్రి నర్సమ్మ ఇంటికొచ్చి చూసి చెప్పింది.

అటక మీదున్న కొత్త తాడు తప్పకుండా తీసుకురా. ఆసుపత్రిలో పడుకొనే కనాలని నర్సమ్మ అంటే, రుక్మిణి, "తాడు పట్టుకొని కూచొనే కంటానమ్మా, మా అమ్మ అట్లే కనింది" అనేసింది. నోరు మూసుకోమని నేను గిల్లాను. నర్సమ్మ నన్నే కసిరింది. "కనేది ఆమె గదా, చెప్పనీ. సరే రుక్మిణీ, తాడు కిటికీ చువ్వలకు కట్టిస్తా. బిడ్డకు కష్టమయితాండాదని నాకు తోస్తే మాత్రం నా మాట వినల్ల" అంది. రుక్మిణి సరేనంది. ముగ్గుర్ని కన్నాను, నన్ను ఇట్లా ఒక్కరైనా అడిగారా? ఆ పిల్లను ఎందుకు గిల్లానా అని ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అక్క యశోదమ్మ

ఇంకొకటి. తోడు ఎవరుండాలని కూడా నర్సమ్మ అడిగింది. లోపల నేనంట. కిటికీ బయట ఎవరో తెలుసా? పెండ్లయి నాలుగేండ్లయినా మొగుడి పేరు పలకని పిల్ల, జట్కావాడికి కూడా వినపడేట్టు "గంగాధర" అంది! మగవాళ్లు బయటుంటే సరేనని నర్సమ్మ ఒప్పుకుంది. సంగటి తర్వాత తిందువులే, తాడు తీసుకొని పరుగెత్తు.