వాగు మూసేసిన చెవులు

నాన్నా,

నీకు చెవులు వినబడకపోవడం ఒకందుకు మేలే. ఈ మాట ఫోన్లో చెప్పాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

పోయిన వారం రాళ్లవాగులో, నీళ్లు మెట్టులా కిందికి దూకేచోట నా కయాక్ పడవ తలకిందులైంది. నువ్వు నేర్పినట్టే తెడ్డు చాపి, నడుం విదిలించి పడవతో సహా పైకి లేవబోయాను. లేవలేదు. మళ్లీ అదే. ఊపిరాడక పడవలోంచి జారి, ఎలాగో ఒడ్డున పడ్డాను. మన దగ్గర నేర్చుకునేవాళ్లంతా "మేడమ్ కూడా బోల్తా కొట్టారే!" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచీ పడవలో కూర్చుంటే చాలు, ఒడ్డుకేసి తిప్పేస్తున్నాను. నిలకడ నీళ్లలో కూడా, బోల్తా పడితే లేవలేకపోతున్నాను నాన్నా.

ఆదివారం ఆరుగురిని ఆ మెట్టు మీదుగా దింపాలి. ముందు నేను దిగి, కింద రాతిపక్కన ఆగి ఈల వేస్తే ఒక్కొక్కరే రావాలి. నాకే దిక్కులేదు, వాళ్లకేం దిక్కవుతాను? మీ అల్లుడేమో "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే" అంటారు. ఏళ్లతరబడి చన్నీళ్లలో నాని చెవుల్లో ఎముక పెరిగి, ఈల వినబడక నువ్వు మానేశావు గానీ, లేకపోతే ఇప్పటికీ ఆ వాగులోనే ఉండేవాడివి. నీ కడుపున పుట్టి ఇలా అయినందుకు సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటావు?

నీ
కప్పపిల్ల

*

కప్పపిల్లా,

ఆదివారం దిగకు. భయంగా ఉందని వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. నవ్వేవాళ్లని నవ్వనీ.

నా చెవులకేం కాలేదు తల్లీ. ఎముక పెరిగిన మాట నిజమే. డాక్టరు తీసేశాడు, అంతా వినబడుతోంది. తీసినా లాభం లేదని మీకు అబద్ధం చెప్పాను. కానీ అప్పటికే నాకూ నీ జబ్బే పట్టుకుంది. చెవిటివాడు వాగులోకి రాకపోతే ఎవరూ వేలెత్తి చూపరు కదా, ఆ వంకతో పరువుగా బయటపడ్డాను. అందరూ అయ్యో పాపం అన్నారు. కొన్నాళ్లు నటిద్దామనుకున్నాను. మూడేళ్లయింది.

మీ అమ్మ నా ఎదురుగానే నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆ తిట్లకైతే నవ్వొస్తుంది, బిగబట్టుకుంటాను. కానీ గిన్నెలు తోముకుంటూ "ఈ మనిషి ఉండీ లేనట్టే, గోడతో కాపురమైపోయింది నాది" అని తనలో తను అనుకుంటుంది చూడూ, అదీ వింటాను. వినబడుతోందని ఇప్పుడు చెబితే, అవన్నీ విని ఊరుకున్నానని చెప్పినట్టే. ఆ ధైర్యం నాకు లేదు. ఇక రాదు కూడా. నువ్వూ చెప్పకు.

ఇది రాస్తుంటే పక్కగదిలోంచి "నడుం పట్టేసిందండీ, కాస్త లేపండీ" అని పిలిచింది. అంతలోనే "నా పిచ్చిగానీ" అనుకుంటూ, మూలుగుతూ తనే లేస్తోంది. నేను తల తిప్పలేదు.

మీ నాన్న